పిల్లలు రాని ఇళ్ళయితే సరేనట!

ముసలివాళ్ళకు ఇళ్ళు కట్టిస్తామంటే కాదనేవాడు ఎవడుంటాడు? ఏ కౌన్సిల్లోనైనా చేతులు లేస్తాయి. తల్లిదండ్రులు దైవంతో సమానమని నాలుగు ముక్కలు మాట్లాడి, టీ తాగి, సంతకాలు పెట్టి లేస్తారు. మర్నాడు పేపర్లో ఫోటో పడుతుంది. అంతా బాగానే ఉంటుంది. కానీ ఆ తీర్మానం కాగితాన్ని ఎవరైనా ఒకసారి తీరిగ్గా కూచుని చదివారా? ఏ ముసలివాళ్ళకి? ఊళ్ళో ఏ మూల? వాళ్ళతోపాటు ఆ ఇంట్లో ఎవరుండొచ్చు, ఎవరుండకూడదు? ఇవి అడిగితే ఆ ఊరి గుట్టంతా బయటపడుతుంది. ఈ సంచికలో అట్లాంటి ఒక ఊరి సంగతి చెప్పుకుందాం. ఆ ఊరు మన జిల్లాలో లేదు. అమెరికాలో ఉంది.

అమెరికా గొడవ మనకెందుకని కొందరు మిత్రులు విసుక్కుంటారు, తెలుసు. 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు తమ పేరునే అక్కడి నల్లవాళ్ళ బ్లాక్ పాంథర్ల నుంచి తెచ్చుకున్నారు. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబోయ్‌కి స్వయంగా ఉత్తరం రాసి, నీగ్రోలు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతులు పంపమని అడిగారు. అదే బాబాసాహెబ్ అంతకు ముందు, 1917లో, అమెరికాలో చదువుకుని బరోడాకు ఉద్యోగానికి వస్తే, తల దాచుకోడానికి గది దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు చెప్పి దిగితే, సంగతి తెలిసి కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. ఇల్లు దొరక్కపోవడమనే బాధలో ఆ దేశం, ఈ దేశం అని లేదు. అందుకే చెబుతున్నాం.

న్యూజెర్సీ రాష్ట్రంలో మౌంట్ లారెల్ అనే టౌన్‌షిప్. ఫిలడెల్ఫియా, కామ్డెన్ నగరాలకు దగ్గర్లో పొలాలూ తోటలూ ఉన్న ఊరు. బానిసత్వం రోజుల నుంచీ అక్కడ నల్లవాళ్ళున్నారు. పారిపోయి వచ్చిన బానిసలు ఆ చుట్టుపక్కల తలదాచుకున్నారు. తరవాత తరాలవాళ్ళు ఆ పొలాల్లోనే కూలి చేసుకుని బతికారు. 1950లో ఆ ఊరి జనం 2,817. నగరాల నుంచి తెల్లవాళ్ళు కార్లలో బయటికి రావడం మొదలెట్టాక, 1970 నాటికి 11,221 అయ్యారు. పొలాలు ప్లాట్లయినాయి. నల్లవాళ్ళుండే స్ప్రింగ్‌విల్ అనే వాడలో మాత్రం కొన్ని కుటుంబాలు పాత కోళ్ళ గూళ్ళను ఇళ్ళుగా మార్చుకుని కాపురం చేశాయి. టౌన్‌షిప్ అధికారులు వచ్చి ఈ కొంపలు మనుషులుండే యోగ్యం కావని ఖాళీ చేయించేవారు. మరి ఎక్కడికి పోవాలి? ఆ మాట కాగితంలో ఉండదు.

అప్పట్లో ఆ ఊరిని ఏలేది టౌన్‌షిప్ కమిటీ. మన పంచాయతీ బోర్డులాంటిదే, కానీ భూమి మీద దానికున్న అధికారం మన పంచాయతీకి కలలో కూడా లేదు. ఊరి పటం గీసి ముక్కలు చేస్తారు. ఈ ముక్కలో ఫ్యాక్టరీలు, ఈ ముక్కలో ఇళ్ళు, ఆ ఇల్లు ఎంత స్థలంలో ఉండాలి, ఎన్ని కుటుంబాలు ఉండాలి అన్నీ రాసేస్తారు. దీన్నే జోనింగ్ అంటారు. ఇది వినడానికి ఇంజనీర్ల లెక్కలాగా ఉంటుంది. మన ఊళ్ళో తూర్పున ఎవరు, దక్షిణాన ఎవరు అన్నది కూడా ఒకప్పుడు ఎవరో గీసిందే కదా. వాళ్ళు కాగితం మీద గీశారు, అంతే తేడా.

1968లో లాభం చూసుకోని ఒక సంఘంవాళ్ళు వచ్చి, పై ప్రభుత్వం డబ్బుతో స్ప్రింగ్‌విల్‌లో పేదలకు ఇళ్ళు కడతాం, మీ ఆమోదం కావాలన్నారు. కమిటీ కాదనలేదు! ఇళ్ళు అవసరమేనని ఆమోదిస్తూ తీర్మానం చేసింది. చివర్లో ఒక్క వాక్యం కలిపింది, ఊళ్ళో ఉన్న రూల్సన్నిటికీ లోబడి కట్టాలి అని. ఆ రూలేమిటయ్యా అంటే, అక్కడ ఒక్కో కుటుంబానికి విడి ఇల్లే కట్టాలి, ఇంటికి 20 వేల చదరపు అడుగుల స్థలం ఉండాలి. మన లెక్కలో దగ్గర దగ్గర 46 సెంట్లు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పల్లెల్లో పేదవాడికిచ్చిన ఇంటి పట్టా సెంటున్నర. కోళ్ళ గూట్లో ఉండేవాడు 46 సెంట్లు కొని విడి ఇల్లు కట్టుకోవాలట! ఆమోదం కాగితం చేతిలో ఉంది, ఇల్లు మాత్రం రాలేదు. ఇట్లాంటి ఆమోదం కాగితాలు మన వాళ్ళ ట్రంకుపెట్టెల్లో ఎన్ని లేవు?

ఆ వాడవాళ్ళు ఊరుకోలేదు. 36 అపార్టుమెంట్ల ప్లాను పట్టుకుని మళ్ళీ అడిగారు. 1970లో ఒక ఆదివారం మేయరు వాళ్ళ చర్చికే వచ్చి, కుదరదని చెప్పి వెళ్ళాడు. ఈ ఊళ్ళో ఉండే స్తోమతు లేకపోతే వెళ్ళిపోవాల్సిందేనని దాని సారాంశం. వింటున్నవాళ్ళలో ఎథెల్ లారెన్స్ అనే నల్లజాతి స్త్రీ ఉంది. చిన్నపిల్లలకు చదువు చెప్పే టీచరు. తరతరాలుగా ఆ ఊరి మనిషి. మమ్మల్ని పొమ్మంటాడా అనుకుంది. మరుసటి ఏడాది కోర్టుకెక్కారు. (టీచర్లు ఉద్యమాల్లోకి ఎందుకని మమ్మల్ని అడిగే ఎం.ఇ.ఓ.గార్లు ఆవిడ పేరు రాసిపెట్టుకోవాలి.)

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. నల్లవాళ్ళ 36 ఇళ్ళకు చోటు లేదన్న అదే టౌన్‌షిప్, కేసు నడుస్తుండగానే, 1972లో ఒక కొత్త జోను పెట్టింది. దేనికి? వయసు మళ్ళినవాళ్ళ ఇళ్ళకు! ఊళ్ళో పెద్దవాళ్ళకు తగిన ఇళ్ళు బొత్తిగా లేవు, చాలా ఇబ్బందిగా ఉంది అని రాసుకున్నారు. నిన్నటిదాకా అపార్టుమెంట్లు అనే మాట వింటేనే ఉలిక్కిపడ్డవాళ్ళు, ఇక్కడ అపార్టుమెంట్లు కట్టుకోవచ్చన్నారు. వరస ఇళ్ళు కట్టుకోవచ్చన్నారు. అద్దెకిచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు.

షరతులు చూడండి. అక్కడ కాపురముండేవాళ్ళకు 52 ఏళ్ళు నిండాలి. ఒక ఇంట్లో ముగ్గురికి మించకూడదు. పిల్లలుంటే ఒక్కరే, ఆ ఒక్కరికీ 18 దాటి ఉండాలి. అంటే బడికి వెళ్ళే పిల్ల ఒక్కతి కూడా ఆ గుమ్మంలో కనపడకూడదు. పోనీ 52 ఏళ్ళ రూలు అందరికీనా? కాదు. భార్యకో భర్తకో మినహాయింపు. నర్సుకు మినహాయింపు. ఇంట్లోనే ఉండి పనిచేసే పనిమనిషికి మినహాయింపు!

ఈ చివరి ముక్కను మళ్ళీ చదవండి. పనిమనిషి ఇరవై ఏళ్ళదైనా ఉండొచ్చు. అంట్లు తోముతుంది కాబట్టి, మంచం మీద ఉన్న ముసలాయన్ని లేపి కూచోబెడుతుంది కాబట్టి ఉండొచ్చు. ఆమె బిడ్డ మాత్రం ఉండకూడదు. ఆమె తల్లి, 60 ఏళ్ళ ముసలమ్మ, వయసు లెక్కన అర్హురాలే. కానీ ఆ ఇళ్ళకు పెట్టిన రూల్సు, వాటికయ్యే ఖర్చు చూసి, ఇవి తక్కువ ఆదాయం ఉన్న ముసలివాళ్ళకు అందేవి కావని న్యూజెర్సీ సుప్రీంకోర్టే తన తీర్పులో రాసింది. చేతులు కావాలి, ఆ చేతులున్న మనిషి కుటుంబం అక్కర్లేదు. మన ఆడవాళ్ళు దొరల ఇళ్ళ దొడ్డిగుమ్మంలోంచి లోపలికెళ్ళి, అదే దొడ్డిగుమ్మంలోంచి బయటికొచ్చిన బతుకు ఇదే కదా.

పిల్లలంటే అంత భయమెందుకు? అక్కడ బడులు చాలావరకు స్థానికంగా వసూలు చేసే ఇంటిపన్ను మీద నడుస్తాయి. ఒక పిల్లవాడు బడికొస్తే ఖర్చు, పేదవాడి చిన్న ఇంటి మీద వచ్చే పన్ను తక్కువ. కాబట్టి కమిటీవాళ్ళు పిల్లల్ని లెక్కపెట్టడం మొదలెట్టారు. ఆ ఊళ్ళోనే పెద్ద కంపెనీలు కట్టే కాలనీలకు ఇంకో షరతు ఉండేది. ఒక్కో ఫ్లాటుకు సగటున 0.3 మంది బడిపిల్లలకు మించితే, ఆ పైవాళ్ళ చదువు ఖర్చు కట్టినవాడే భరించాలి. పది ఫ్లాట్లకు ముగ్గురు పిల్లలన్నమాట. పాతికేళ్ళుగా బడిలో హాజరు పట్టీ రాస్తున్నవాళ్ళం, పిల్లవాడు బడికి రాలేదని గుడిసె గుడిసెకూ తిరిగినవాళ్ళం, పిల్లలు రాకుండా ఉండటానికి చట్టం రాసుకున్నవాళ్ళ గురించి చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది.

ముసలివాడు బడికి రాడు. పన్ను కడతాడు. పిల్లల్ని కనడు. అందుకని ముసలివాడంటే అంత ప్రేమ. తల్లిదండ్రుల మీద గౌరవమనుకుంటే పొరపాటు.

1975 మార్చిలో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెరుగుతున్న ప్రతి ఊరూ తన భూమి రూల్సులో పేదలకూ, మధ్యతరగతికీ చోటుండేట్టు చూడాలి, చుట్టుపక్కల ప్రాంతం మొత్తం అవసరంలో తన వాటా తాను మోయాలి అని. ఇక్కడొక విషయం గమనించాలి. ఊరి వకీలు నిలబడి, మాకు జాతి వివక్ష ఉద్దేశం ఏమాత్రం లేదని చెప్పాడు. సరే, మీ మాటే ఒప్పుకుంటాం అన్నది కోర్టు. మీ మనసులో ఏముందో మాకక్కర్లేదు, మీ రూల్సు వల్ల ఎవరు బయట మిగిలారో అది చాలు అన్నది. తీర్పు వచ్చినా ఊరు కదల్లేదు. పనికిరాని మూడు చిన్న ముక్కలు చూపించి సరిపెట్టబోయింది. 1983లో అదే కోర్టు మళ్ళీ గట్టిగా చెప్పాల్సొచ్చింది. ఎథెల్ లారెన్స్ 1994లో చనిపోయింది. ఆవిడ పేరుమీద ఇళ్ళు 2000లో మొదలయ్యాయి, ఇప్పుడు 140. ఒక మనిషి అడిగిన ఇల్లు, ఆ మనిషి పోయిన ఆరేళ్ళకు వచ్చింది. పేదలొస్తే చుట్టుపక్కల ఇళ్ళ ధరలు పడిపోతాయి, దొంగతనాలు పెరుగుతాయి, పన్నులు పెరుగుతాయి అని అన్నేళ్ళు గోల పెట్టారు కదా. పరిశోధకులు వెళ్ళి లెక్కలు తీసి 2013లో పుస్తకం వేశారు. అవేవీ జరగలేదు.

ఆ తర్వాత కూడా ముసలివాళ్ళను అడ్డం పెట్టుకోవడం ఆగలేదు. మీ వాటా పేదల ఇళ్ళు కట్టండి అంటే, ముసలివాళ్ళ ఇళ్ళు కట్టి అదే మా వాటా అనేవాళ్ళు. చివరికి ఆ రాష్ట్రంలో, వాటాలో నాలుగో వంతుకు మించి ముసలివాళ్ళ ఇళ్ళు లెక్కలోకి రావని రూలు పెట్టాల్సొచ్చింది.

దీని పక్కన ఇంకో ఊరిని పెట్టి చూడాలి. షికాగో నగరం పక్కన ఆర్లింగ్టన్ హైట్స్. 1970 జనాభా లెక్కల్లో 64 వేల మంది. అందులో నల్లవాళ్ళు 27 మంది. వందలు కాదు, వేలు కాదు, 27. అక్కడ ఒక క్రైస్తవ మఠంవాళ్ళకు 80 ఎకరాలుంది. అందులో 15 ఎకరాలు తక్కువ ఆదాయం వాళ్ళ ఇళ్ళకిస్తామన్నారు. మొత్తం 190 ఇళ్ళు. వాటిలో 100 ఒక్క పడకగదివి, ముసలివాళ్ళకు పనికొస్తాయని. మిగతా 90 పిల్లలున్న కుటుంబాలకు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి ఉండేట్టు ప్లాను. మూడుసార్లు బహిరంగ సమావేశాలు పెట్టారు. జనం విరగబడి వచ్చారు. మా ఇళ్ళ విలువ పడిపోతుంది, ఈ జాగా విడి ఇళ్ళకే కేటాయించారని నమ్మి కొనుక్కున్నాం, ఇట్లాంటి ఇళ్ళు వ్యాపార స్థలాలకూ విడి ఇళ్ళకూ మధ్య అడ్డుగా ఉండటానికే తప్ప ఇక్కడ పనికిరావు అన్నారు. 1971 సెప్టెంబర్ 28న ఊరి బోర్డు ఓటేసింది. వద్దు అన్నవాళ్ళు ఆరుగురు, సరే అన్నది ఒక్కరు.

ఏమయ్యా, అక్కడ కూడా నూరుమంది ముసలివాళ్ళున్నారు కదా? మౌంట్ లారెల్లో పొంగిన ప్రేమ ఇక్కడేమైంది? ఇక్కడి ముసలివాళ్ళు పేదవాళ్ళు, వాళ్ళ పక్కనే పిల్లలున్న పేద కుటుంబాలు వస్తున్నాయి, వాటిలో నల్లవాళ్ళుంటారు.

ఆ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. 1977 జనవరిలో ఆ కోర్టు ఏమన్నదంటే, నల్లవాళ్ళకు ఎక్కువ నష్టం జరిగిందని చూపిస్తే చాలదు, నష్టం చెయ్యాలన్న ఉద్దేశం ఉందని రుజువు చెయ్యాలి, ఆ రుజువు లేదు కాబట్టి రాజ్యాంగం ప్రకారం తప్పు లేదు అని. తర్వాత వేరే చట్టం కింద కేసు తిరిగి నడిచి, చివరికి రాజీ కుదిరి, ఆ ఇళ్ళు ఊరి అంచున ఇంకోచోట కట్టారు. మఠం భూమిలో కాదు.

ఉద్దేశం! ఈ మాట దగ్గర మనం ఆగాలి. మా నౌకరీ కొత్తలో ఒక టౌనులో అద్దె ఇంటికోసం తిరిగాం. ప్రతి ఇంటిముందూ బోర్డుంది. గదులు చూపించారు, అద్దె చెప్పారు, మంచినీళ్ళు కూడా ఇచ్చారు. ఆఖర్న "మాస్టారూ, మీరేవిట్లు?" అన్నారు. చెప్పాం. "అయ్యో, మా అల్లుడుగారు వస్తానన్నారండీ, మర్చేపోయాను" అన్నారు. ఒక్కరు కూడా కులం పేరు పెట్టి పొమ్మనలేదు. ఏ కోర్టులో ఏ ఉద్దేశం రుజువు చేస్తాం? ఆ అల్లుడుగారిని పిలిపించమంటామా?

ఇది మన కోర్టుల్లో ఎట్లా నడిచిందో చూడండి. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో పెద్ద నేరాలకు యావజ్జీవ శిక్ష పడాలంటే, బాధితులు షెడ్యూల్డ్ కులం వాళ్ళు అన్న కారణంతోనే నేరం చేశారని రుజువు కావాలని ఉండేది. 2011లో కర్నూలు జిల్లాలో చూపులేని దళిత యువతి మీద అత్యాచారం జరిగింది. 2021లో సుప్రీంకోర్టు ముద్దాయికి అత్యాచార నేరం కింద యావజ్జీవ శిక్ష ఖాయం చేసింది, కానీ అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్ష కొట్టేసింది. ఆమె దళితురాలు కాబట్టే చేశాడనడానికి సాక్ష్యం లేదట. చట్టాన్ని 2015లో సవరించారు, అది 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చింది. బాధితులు ఫలానా అని తెలిసి చేస్తే చాలు అన్నారు. ఆ అమ్మాయి కేసు అంతకు ముందుది కాబట్టి ఆమెకు ఆ సవరణ అందలేదు.

ఇళ్ళ విషయంలో ఆ మాత్రం కూడా లేదు. రాజ్యాంగం 15వ అధికరణంలో అంగళ్ళు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్లు ఉన్నాయి. అద్దె ఇల్లు అనే మాట లేదు. 2005లో అహ్మదాబాద్ కేసులో, ఒక హౌసింగ్ సొసైటీ తన మతంవాళ్ళకే సభ్యత్వమని రూలు పెట్టుకుంటే చెల్లుతుందని సుప్రీంకోర్టు అన్నది. అది చిన్న మైనారిటీ కదా అని కొందరు సమర్థిస్తారు. తలుపు తెరుచుకున్నాక లోపలికి పెద్దవాళ్ళు కూడా దూరతారు. వృద్ధుల కోసమని కట్టే ఖరీదైన కాలనీల్లో శాకాహారం మాత్రమేనని షరతు పెట్టేవి ఉన్నాయి. కులం అడగలేదు చూడండి, వంట సంగతే అడిగారు!

మనకు ముసలివాళ్ళ ఇళ్ళు అక్కర్లేదా? కావాలి. మన వాళ్ళే అందరికంటే ముందు ముసలివాళ్ళవుతారు. నలభై ఏళ్ళకే నడుములు పోతాయి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం 19వ సెక్షనులో, దిక్కులేని వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మందికి చోటు అని రాశారు. రాశారు గాని 'పెట్టవచ్చు' అని రాశారు. 'పెట్టి తీరాలి' అని రాయలేదు. ఆ 'వచ్చు' పట్టుకుని ఎన్నేళ్ళయినా కూచోవచ్చు.

పెడతామన్నప్పుడు మాత్రం, ఎక్కడ, ఎట్లా అన్నది మనం అడగాలి. మన పేటలో ముసలమ్మ ఊరికే కూచోదు. కోడలు నాట్లకు పోతే మనవల్ని చూసేది ఆమే, అన్నం పెట్టేది ఆమే, బడికి తోలేది ఆమే. ఆమెను తీసుకుపోయి ఊరికి నాలుగు మైళ్ళ అవతల, శ్మశానం దారిలో, పిల్లల గొంతు వినపడని చోట పెడితే అది ఆమెకు మేలా? మన ముసలివాళ్ళకు ఇల్లు పేటను ఆనుకుని ఉండాలి, ఊళ్ళోవాళ్ళకు ఉన్న నీళ్ళ ట్యాంకు, వీధి దీపం, ఆసుపత్రి దారి దానికీ ఉండాలి. మనవడు వచ్చి పడుకుంటే ఎవడూ బయటికి నెట్టకూడదు.

అమెరికా సుప్రీంకోర్టు తీర్పు మనకు నచ్చకపోయినా, అందులో కార్యకర్తలకు పనికొచ్చే ముక్క ఒకటుంది. ఉద్దేశం రుజువు కావాలంటే ఎక్కడ వెతకాలో ఆ తీర్పే చెప్పింది. ఆ ఊళ్ళో అంతకు ముందు ఏం జరిగింది, తీర్మానానికి ముందు వరసగా ఏ సంఘటనలు జరిగాయి, ఎప్పుడూ పాటించే పద్ధతి ఈసారికి మాత్రం ఎందుకు తప్పారు, మీటింగులో ఎవరు ఏం మాట్లాడారు, మినిట్సులో ఏం రాశారు. ఇవన్నీ కాగితాలే. మన వాళ్ళు గ్రామసభకు పోయి, కడుపు మండి, నాలుగు మాటలని వచ్చేస్తారు. ఆ తర్వాత పుస్తకంలో కార్యదర్శి ఏం రాసుకున్నాడో ఎవరూ చూడరు. ఇంటి స్థలాలు వాయిదా పడ్డ మీటింగులోనే వేరేవాళ్ళ లేఅవుటుకు రోడ్డు మంజూరైందేమో, ఎవరు చూశారు?

చూడాలి. ఇంటి స్థలాలో, వృద్ధాశ్రమమో, హాస్టలో, మన పేటకు సంబంధించిన ఏ తీర్మానమైనా సరే, గత ఐదేళ్ళవి తీయించండి. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. తెల్లకాగితం మీద పంచాయతీ కార్యదర్శి పేరున అర్జీ రాయండి, తీర్మానాల పుస్తకం నకళ్ళు కావాలని. తెల్లరేషను కార్డున్నవాళ్ళ పేరున రాసి, కార్డు నకలు జతచేస్తే ఫీజు కట్టక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అర్జీ ఇచ్చినట్టు రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మర్చిపోవద్దు. నకళ్ళు చేతికొచ్చాక ఒక జత మాకు పంపండి. చదవడం రానివాళ్ళుంటే బడి అయ్యాక సాయంత్రం మా దగ్గరకు తీసుకురండి, కూచుని చదువుదాం.